క్రిస్మస్ రోజు మా చర్చికి తాళం

2014 డిసెంబరు 25, తెల్లవారుజామున నాలుగున్నర. నా పెళ్ళయ్యాక వచ్చిన మొదటి క్రిస్మస్. ముందు రోజు పొద్దున్నే గౌతమి దిగి మా ఇంటికొచ్చిన అమ్మ అప్పటికే తలస్నానం చేసి, కొత్త ఉప్పాడ చీర కట్టుకుని, జిప్పు కవర్లో ఉన్న బైబిలు ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుని ఉంది. నేను నైటీలో కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాను.

"ఇంకా తయారవలేదేంటే? ఆరాధన ఎన్నింటికి మీకు?"

"ఇవాళ మాకు చర్చి లేదమ్మా."

వేళాకోళం ఆడుతున్నాననుకుంది. నిజంగానే లేదని, క్రిస్మస్ ఆదివారం నాడు వస్తే తప్ప మా చర్చి తలుపులు తీయరని, ఆ ముందు ఆదివారమే పాటలూ ప్రసంగాలూ అన్నీ అయిపోయాయని చెప్పాను. అమ్మ కాసేపు నా వంక అలాగే చూసి, "క్రిస్మస్ రోజు చర్చికి తాళమా! మరి పండగ ఎక్కడ చేస్తారు?" అంది.

"ఇంట్లో."

అమ్మ ఒకసారి ఇల్లంతా చూసింది. మల్కాజిగిరిలో మూడో అంతస్తు, రెండు గదులు. హాల్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఇంకా విప్పని ఒక సూట్‌కేసు, పెళ్ళిలో చదివింపులుగా వచ్చిన మూడు గోడ గడియారాలు, వాటిలో ఒక్కదానికే బ్యాటరీ. "ఈ ఇంట్లోనా?" అంది.

ఆ తర్వాత చెప్పులేసుకుని, వీధి చివర మైకు వినిపిస్తున్న చర్చి వైపు ఒక్కతే వెళ్ళిపోయింది. నేను ఉప్మా చేసుకుని ఏడ్చాను. మా ఆయన పాపం ఏం చేయాలో తెలీక మిగతా రెండు గడియారాలకి బ్యాటరీలు వేశాడు.

మాది ఏ చర్చో చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు కాబట్టి చెప్తున్నా. మమ్మల్ని జనం మోర్మన్లు అంటారు. 2018 నుంచి ఆ పేరు వాడొద్దని, పూర్తి పేరే చెప్పమని మా పెద్దలు గట్టిగా చెప్తున్నారు గానీ, "యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం" అని ఆటో అతనికి చెప్పి చూడండి ఒకసారి. మా చుట్టాలైతే అంత కష్టం కూడా పడరు, "వాళ్ళు అదేదో అమెరికా చర్చి" అనేస్తారు. అమెరికాదే, కాదనను, 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది. కానీ తెలుగువాళ్ళకి ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. సమోవాలో ఉంటూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు అనే మన హైదరాబాదు దంపతులు 1978 డిసెంబరులో ఇక్కడికొచ్చి సొంత చుట్టాలకి చెప్పుకుంటే ఇరవై రెండు మంది బాప్తిస్మం తీసుకున్నారు. అదీ డిసెంబరే! 2012లో దేశం మొత్తంలో మొదటి స్టేకు కూడా హైదరాబాదులోనే పెట్టారు. స్టేకు అంటే కొన్ని వార్డులు కలిపిన పెద్ద యూనిట్, వార్డు అంటే మామూలు భాషలో మన సంఘం. మా ఆయన వాళ్ళది రాజమండ్రి, అత్తమామల కాలం నుంచీ ఇదే చర్చి. నేనే మధ్యలో వచ్చినదాన్ని.

మాది సామర్లకోట, కెనడా మిషనరీల నాటి నుంచీ బాప్టిస్టులం. అందుకే నేను ఈ చర్చిలో చేరతానన్నప్పుడు అమ్మకి అన్నిటికంటే బాధ కలిగించింది మళ్ళీ బాప్తిస్మం తీసుకోవడం. "ఒకసారి మునిగావు కదే, సరిగ్గా మునగలేదా?" అని అడిగింది. మా సంఘం అధికారంతో ఇచ్చిన బాప్తిస్మాన్నే మావాళ్ళు లెక్కలోకి తీసుకుంటారు, ఏ చర్చి నుంచి వచ్చినా మళ్ళీ మునగాల్సిందే. దీన్ని ఎంత మెల్లగా చెప్పినా అమ్మకి "నువ్వు చేసిందంతా చెల్లదు" అన్నట్టే వినిపించింది. ఆ నొప్పి పూర్తిగా పోయిందని నేను అనుకోను. అది పక్కన పెట్టి, ఇప్పుడు మా ఇంట్లో డిసెంబరు ఎలా గడుస్తుందో చెప్తా, ఇప్పటికి పదకొండేళ్ళలో ఇంట్లో పండగ చేయడం కొంచెం నేర్చుకున్నాం.

డిసెంబరు ఒకటికి స్టార్ కడతాం. ఇది ఏ చర్చి వాళ్ళకైనా ఒకటే, బాల్కనీ గ్రిల్లుకి కాగితం స్టార్, లోపల బల్బు. మా వీధిలో మొత్తం నాలుగు స్టార్లు వెలుగుతాయి, మిగతా ముగ్గురూ వేర్వేరు చర్చిల వాళ్ళు. ఆ రోజు నుంచే సెమీ క్రిస్మస్ పిలుపులు మొదలు. పెదనాన్న వాళ్ళ చర్చిలో సెమీ క్రిస్మస్, ఆఫీసులో సెమీ క్రిస్మస్, పిల్లల స్కూల్లో సెమీ క్రిస్మస్, చివరికి అసలు క్రిస్మస్ వచ్చేసరికి కేకు అంటే మొహం మొత్తుతుంది. మేం పిలిచిన అందరి దగ్గరికీ వెళ్తాం. తబలా, డోలక్, కీబోర్డు, చప్పట్లతో ఆ పాటలు వింటుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది, దాచుకోను. మా చర్చిలో డోలక్ ఉండదు, చప్పట్లుండవు, కీబోర్డు మీద నెమ్మదిగా నాలుగు చరణాలు పాడి కూర్చుంటాం. మా ఆయనకి అదే ప్రశాంతం. నాకు ఏడాదికి పదకొండు నెలలు అదే ప్రశాంతం, డిసెంబరులో మాత్రం డోలక్ కావాలి.

ఇక టీ సంగతి. మా చర్చిలో టీ, కాఫీ తాగరు. 1833 నాటి ఒక బోధనలో "వేడి పానీయాలు" వద్దని ఉంది, దాని అర్థం టీ, కాఫీలని పెద్దలు తేల్చారు. మందు, సిగరెట్ సరేసరి, అవి మా బాప్టిస్టుల ఇంట్లోనూ లేవు. కానీ గోదావరి జిల్లాలో పుట్టినదాన్ని, ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా పంపడం ఎంత తలవంపులో మీకు తెలుసు. మొదటి ఏడాది అర్ధరాత్రి పన్నెండున్నరకి వీధి చివరి చర్చి కుర్రాళ్ళు క్యారల్స్‌కి వచ్చారు, గిటారు, డ్రమ్ము, శాంటా మాస్కు వేసుకున్న ఒక బక్క పిల్లాడు. పాడారు, ప్రార్థన చేశారు, కానుక కవరు తీసుకున్నారు, అయినా కదలరు. చలికి చేతులు రుద్దుకుంటూ వంటింటి వైపు చూస్తున్నారు. నాకు అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను, ఇంట్లో టీపొడి లేదు! ఆ మరుసటి ఏడాది నుంచి క్యారల్స్ వాళ్ళు వచ్చే రాత్రి రెండు లీటర్ల పాలలో బాదం పొడి, యాలకులు, కుంకుమపువ్వు వేసి మరిగించి ఉంచుతున్నాను. ఈ మధ్య విన్నదేంటంటే, వాళ్ళ రౌండ్లో మా ఇంటిని కావాలనే ఆఖర్న పెట్టుకుంటున్నారట, "బాదం పాల ఆంటీ ఇల్లు" అని. ఆంటీ అన్నందుకు మాత్రం ఇంకా క్షమించలేదు.

అమ్మ మాత్రం బాదం పాలకి లొంగలేదు. తన టీపొడి, తన పంచదార, తన చిన్న గిన్నె అన్నీ బ్యాగులో తెచ్చుకుని, పొద్దున్నే మా స్టవ్ మీదే కాచుకుని, ఫ్లాస్కులో పోసుకుని బాల్కనీలోకి వెళ్ళి తాగుతుంది. తాగొద్దని మేమెవ్వరం అనలేదు, "అత్తయ్య గారూ, లోపలే కూర్చుని తాగండి" అని మా ఆయన వందసార్లు చెప్పాడు. "ఉండనీ బాబూ, పిల్లలు అడుగుతారు" అంటుంది. పిల్లలు అడగరు, బాల్కనీ తలుపు దగ్గర నిలబడి వాసన చూస్తారు.

రమ్ము కేకు కథ కూడా చెప్పాలి. మూడేళ్ళ కిందట ఒక బేకరీలో ప్లమ్ కేకు తీసుకుంటూ రెండుసార్లు అడిగాను, "ఇందులో రమ్ము లేదు కదా?" అని. "లేదు మేడం, ఎసెన్స్ మాత్రమే" అన్నాడు కౌంటర్ అబ్బాయి. ఇంటికొచ్చి డబ్బా తిప్పి చూస్తే చిన్న అక్షరాలతో పళ్ళు రమ్ములో నానబెట్టినట్టు ఉంది. మేం తినలేం, పారేయడానికి చేతులు రావు, కింద వోనరు ఆంటీ గుడ్డు ముట్టరు. ఆ సాయంత్రం అమ్మా, తమ్ముడూ కలిసి ఆ కేకు మొత్తం లాగించారు. "మీరూ మందు ముట్టరు కదమ్మా" అన్నాను. "కేకులో ఉన్నది తాగడం కాదే, తినడం" అంది. ఆ మరుసటి ఏడాది నుంచి కేకు నేనే చేస్తున్నాను, కుక్కర్లో అడుగున ఉప్పు పోసి, గ్యాస్కెట్ తీసి, పళ్ళని ద్రాక్ష రసంలో మూడు రోజులు నానబెట్టి. పైన కాస్త పగులుతుంది, రుచికి ఢోకా లేదు.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం సాయంత్రం అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో మా ప్రథమ అధ్యక్షత్వం వాళ్ళ, అంటే సంఘాన్ని నడిపే పెద్దల, క్రిస్మస్ కార్యక్రమం ఉంటుంది. పెద్ద కోయిర్, పెద్ద ఆర్గను, ప్రసంగాలు, అన్నీ. అక్కడ ఆదివారం సాయంత్రం ఆరైతే ఇక్కడ సోమవారం పొద్దున్న ఆరున్నర. అంటే సరిగ్గా స్కూలు బాక్సుల టైము. ఫోను పప్పు డబ్బాకి ఆనించి పెట్టుకుని, ఒకపక్క నిమ్మకాయ పులిహోర కలుపుతూ వింటాను. అంత పెద్ద హాల్లో అందరూ సూట్లలో కదలకుండా కూర్చుని ఉంటే, ఇక్కడ నేను "సాక్సు ఏదిరా" అని అరుస్తుంటాను. తర్వాత రాత్రి తీరిగ్గా చూద్దామనుకుంటాం, ఏ ఏడాదీ చూడం.

మాకు సోమవారం రాత్రులు హోమ్ ఈవెనింగ్ అని ఉంటుంది. కుటుంబం అంతా కూర్చుని ఒక పాట, ఒక పాఠం, ఒక ఆట, తినడానికి ఏదో ఒకటి. మామూలు రోజుల్లో ఇది సగం సార్లు ఎగిరిపోతుంది, ఉన్నమాట చెప్తున్నా. డిసెంబరులో మాత్రం వదలం. చర్చి వాళ్ళు 2016 నుంచి "లైట్ ది వరల్డ్" అని డిసెంబరులో రోజుకో చిన్న సేవ చేయమని ఒక క్యాలెండరు లాంటిది ఇస్తున్నారు. మేం దాన్ని మా వీధికి తగ్గట్టు మార్చుకున్నాం. ఖాళీ బూస్టు సీసాలో చీటీలు, రోజుకొకటి తీయాలి. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, చీటీలు రాసేది అదే. "వోనరు ఆంటీ మొక్కలకి నీళ్ళు", "తాతయ్యకి ఫోను", "చెత్త బండి అన్నకి కేకు ముక్క", ఇలా ఉంటాయి. ఈసారి చీటీల్లో ఏకంగా ఐదింట్లో "తమ్ముడు అక్క వస్తువులు ముట్టకూడదు" అని ఉంది. ఇది సేవ ఎలా అవుతుందే అంటే, "నాకు అవుతుంది" అంది.

చెత్త బండి అన్నకి కేకు ఇవ్వడానికి మావాడు కిందికి వెళ్ళి, చేతిలో ప్లేటుతో బండి వెనకాల సందు చివరి దాకా పరిగెత్తాడు. ఆయన ఆగి, గ్లవ్స్ తీసి, ప్యాంటుకి చేతులు తుడుచుకుని, వాడిని బండి హారన్ రెండుసార్లు నొక్కనిచ్చాడు. దానితో మిగతా డిసెంబరంతా వాడు రోజూ అదే చీటీ రావాలని సీసా ముందు ప్రార్థన చేశాడు.

ఏడాది ఆఖర్న ఇంకో పని ఉంటుంది, దశమభాగం లెక్క, అంటే ఆదాయంలో చర్చికిచ్చే పదోవంతు. కుటుంబం మొత్తం బిషప్పు గారి ముందు కూర్చుని, ఈ ఏడాది పదోవంతు పూర్తిగా ఇచ్చామా లేదా అని చెప్పాలి, పిల్లలతో సహా. మావాడి గల్లాపెట్టెలో నలభై ఏడు రూపాయలు తేలాయి. వాళ్ళక్క లెక్కేసి నాలుగు రూపాయల డెబ్భై పైసలు అని చెప్పింది. డెబ్భై పైసలు ఎక్కడ దొరుకుతాయని అరగంట చర్చ జరిగి, ఐదు రూపాయల బిళ్ళ కవర్లో వేసి, బిషప్పు గారి చేతికిస్తూ "ముప్పై పైసలు చిల్లర" అని అడిగాడు. ఆయన పగలబడి నవ్వి జేబు తడుముకున్నారు. మా బిషప్పు గారు ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలూ ఆదివారాలూ చర్చి పని చూసుకునే మామూలు మనిషి. మాకు జీతం తీసుకునే పాస్టరు ఉండరు. అందుకే అమ్మ ప్రతి డిసెంబరూ ఫోను చేసి "మీ పాస్టరు గారికి, అమ్మగారికి బట్టలు పెట్టావా?" అని అడిగినప్పుడు నేను ఏం చెప్పాలో తెలీక "చూస్తానమ్మా" అంటాను. ఒక ఏడాది అమ్మే షర్టు పీసు కొని పంపింది. ఆయన మొహమాటపడుతూ తీసుకుని, మరుసటి నెలలో కుట్టించుకుని వేసుకొచ్చారు. ఫోటో తీసి అమ్మకి పంపాను. "కొలత సరిపోయింది" అని జవాబు.

వార్డులో క్రిస్మస్ ప్రోగ్రాం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మరియ, యోసేపు, గొల్లలు, జ్ఞానులు, అందరికీ బిర్యానీ. మావాడు గొర్రె. బనియను మీద ఫెవికాల్‌తో దూది అంటించాం. స్టేజి మీదకి వెళ్ళేసరికి సగం దూది రాలి, బొచ్చు కత్తిరించిన గొర్రెలా ఉన్నాడు.

చుట్టాల భోజనాల దగ్గర ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న తప్పదు. ఒకసారి మా బాబాయి లెగ్ పీసు చేత్తో పట్టుకుని, అందరి ముందూ "మీవాళ్ళు ఒకటికంటే ఎక్కువ పెళ్ళిళ్ళు చేసుకుంటారంటగా అల్లుడూ?" అన్నాడు. 1890లోనే ఆపేస్తున్నట్టు ప్రకటించారని, ఇప్పుడెవరైనా చేసుకుంటే సంఘంలోంచి తీసేస్తారని మా ఆయన ఓపిగ్గా చెప్పి, "అయినా బాబాయి గారూ, వచ్చే జీతం ఒక్క సంసారానికే చాలట్లేదు" అన్నాడు. బాబాయి నవ్వాడు గానీ పిన్ని నవ్వలేదు. ఎందుకో అడగలేదు నేను.

క్రిస్మస్ అంటే మా అత్తయ్యకి మాత్రం ఫోను గుర్తొస్తుంది. మా ఆయన పెళ్ళికి ముందు బెంగళూరు మిషన్లో రెండేళ్ళు మిషనరీగా పనిచేశాడు. అప్పట్లో మిషనరీలు ఇంటికి ఫోను చేయడానికి ఏడాదికి రెండే రోజులు, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. మిగతా అంతా వారానికో ఈమెయిలు. అత్తయ్యకి ఈమెయిలు చదవడం రాదు, మామయ్య నెట్ సెంటర్లో ప్రింటు తీయించి తెచ్చి చదివి వినిపించేవారు. క్రిస్మస్ రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోను అని ముందే చెప్తే, ఆవిడ పొద్దుటి నుంచీ ఎవరినీ ఆ ఫోను ముట్టనివ్వలేదట. హ్యాపీ క్రిస్మస్ చెప్దామని చేసిన చుట్టాలని "పెట్టేయండి, పెట్టేయండి" అని తిట్టిందట. తీరా కొడుకు ఫోను వచ్చాక ఇల్లంతా చేరి స్పీకర్లో అరుస్తుంటే ఆవిడ నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట, "తిన్నావా?" 2019 నుంచి మిషనరీలు వారం వారం ఇంటికి ఫోను చేసుకోవచ్చు. అత్తయ్యకి ఆ మాట చెప్పినప్పుడు సంతోషపడలేదు. "అయ్యో, మావాడప్పుడు అలా లేదే" అని కళ్ళు తుడుచుకుంది.

2022లో క్రిస్మస్ ఆదివారం పడింది. అమ్మకి చెప్పగానే "అయితే ఈసారి మీ చర్చి తాళం తీస్తారన్నమాట!" అని ఎగతాళిగానే అయినా ఉత్సాహంగా బయల్దేరింది. ఆరాధన గంట. ప్రసంగాలు చెప్పింది ఒక ఇంటర్ పిల్ల, ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి. సంస్కారం, అంటే ప్రభువు బల్ల, పన్నెండేళ్ళ కుర్రాళ్ళు తెల్ల చొక్కాలు వేసుకుని ట్రేలు పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ అందించారు, రొట్టె, తర్వాత చిన్న కప్పుల్లో నీళ్ళు. అమ్మ కప్పు లోపలికి చూసి నా చెవిలో "నీళ్ళా?" అంది. మాకు ద్రాక్షరసం బదులు నీళ్ళేనమ్మా అన్నాను. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో తన రిపోర్టు ఇచ్చింది. పిల్లల గోల ఎక్కువ, పాటలు తక్కువ, ఇంటర్ పిల్ల బాగా చెప్పింది, ఇంకెవరైనా పాస్టరు చివర్లో లేస్తాడేమోనని చూశాను, ఎవరూ లేవలేదు, కుర్రాళ్ళ ఇస్త్రీ మాత్రం బాగుంది. అంతే. డిసెంబరు 31 రాత్రి కాపుదల ఆరాధన, కొత్త సంవత్సరానికి బైబిలు వచనం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు మా దగ్గర ఉండవని తెలిశాక మాత్రం చాలా నిరాశ పడింది. ఇప్పటికీ తన చర్చిలో మా నలుగురికీ నాలుగు వాగ్దానం కార్డులు అడిగి తీసుకుని జనవరిలో కొరియర్ చేస్తుంది. ఫ్రిజ్ మీద మాగ్నెట్లతో అంటించి ఉంచాం.

ఇక మొన్న 24 రాత్రి.

ఎనిమిదింటికి భోజనాలు ముగించి, టీవీ కట్టేసి, అందరం చాప మీద కూర్చున్నాం. మా ఆయన బైబిల్లో యేసు పుట్టిన కథ ఉన్న లూకా రెండో అధ్యాయం చదవడం మొదలుపెట్టాడు. "పొత్తిగుడ్డలతో చుట్టి" దగ్గరికి రాగానే మావాడు "పొత్తిగుడ్డలంటే?" అన్నాడు. ఇంగ్లీషు మీడియం గొర్రె కదా. నేను చెప్పేలోపే అమ్మ లేచి లోపలికి వెళ్ళి బీరువా పై అరలోంచి ఒక గుడ్డ తెచ్చింది. పాత నూలు చీర ముక్క, ఉతికి ఉతికి రంగు తెలియకుండా పోయింది, అంచు మాత్రం కాస్త ఎర్రగా కనిపిస్తోంది. "ఇదిగో, ఇవే. నువ్వు పుట్టినప్పుడు నిన్ను చుట్టింది దీంట్లోనే, మీ అమ్మని చుట్టింది కూడా ఈ చీర ముక్కలోనే" అంది. ఆ గుడ్డ మా ఇంట్లో ఉందని నాకే తెలీదు. మావాడు దాన్ని మొహానికి ఆనించుకుని "మెత్తగా ఉంది" అన్నాడు. వాళ్ళక్క తన పాత బొమ్మని తెచ్చి అందులో చుట్టి పప్పుల బుట్టలో పడుకోబెట్టింది.

లూకా అయ్యాక మేం మోర్మన్ గ్రంథం తెరుస్తాం, బైబిలుతో పాటు మా సంఘం లేఖనంగా నమ్మే పుస్తకం అది. ఎప్పుడూ సరిగ్గా అక్కడే అమ్మకి బీపీ మాత్ర గుర్తొస్తుంది. లేచి వంటింట్లోకి వెళ్తుంది. మేమూ ఏమీ అనం. మా అమ్మాయి అందులోని 3 నీఫై అనే భాగం మొదటి అధ్యాయం తెలుగులో కూడబలుక్కుంటూ చదివింది. కథ ఏంటంటే, సముద్రాల అవతల అమెరికాలో ఉన్న నమ్మకస్తులకి సమూయేలు అనే ప్రవక్త ముందే చెప్తాడు, ఐదేళ్ళలో యేసు పుడతాడు, పుట్టే ముందు రాత్రి చీకటి పడదు, అదే గుర్తు అని. ఏళ్ళు గడుస్తాయి. నమ్మనివాళ్ళు ఒక రోజు ఖాయం చేస్తారు, ఆ రోజుకి గుర్తు కనిపించకపోతే నమ్మినవాళ్ళందరినీ చంపేస్తామని. నీఫై అనే ప్రవక్త పగలంతా ప్రార్థన చేస్తాడు. ఈ రాత్రే గుర్తు ఇస్తానని, రేపు నేను లోకంలోకి వస్తానని జవాబు వస్తుంది. ఆ సాయంత్రం సూర్యుడు దిగిపోతాడు, వెలుగు మాత్రం పోదు. రాత్రంతా పట్టపగల్లాగే ఉంటుంది.

మావాడికి ఇది పోయినేడాది నుంచి పట్టుకుంది. "అయితే ఇవాళ లైట్లు ఆపకూడదు" అన్నాడు. హాల్లో ట్యూబులైటు, వంటింట్లో లైటు, రెండు గదుల్లో, బాత్రూంలో, బాల్కనీలో స్టారు, అన్నీ వేయించి, ఒక్కొక్క గదీ తిరిగి తనిఖీ చేసి, స్విచ్చుల దగ్గర కాపలాగా నిలబడ్డాడు. కరెంటు బిల్లు, నిద్ర అని మా ఆయన ఏదో చెప్పబోతే, వంటింటి గుమ్మంలోంచి అమ్మ గొంతు, "అంత వెలుగుంటే ఆ రాత్రి వాళ్ళకి నిద్రెలా పట్టిందో!" ఎప్పట్నుంచి నిలబడి వింటోందో తెలీదు. చేతిలో మాత్ర ఇంకా అలాగే ఉంది.

అందరం చీర కొంగులూ దుప్పట్లూ మొహాల మీద కప్పుకుని పడుకున్నాం. నాకైతే కునుకు పట్టలేదు. నాలుగింటికి వంటింట్లో గిన్నె చప్పుడు, టీ వాసన. బయటికొచ్చి చూస్తే అమ్మ ఉప్పాడ చీర కట్టుకుని, ఫ్లాస్కు మూత బిగిస్తోంది. బైబిలు కవరు భుజానికి తగిలించుకుంది. వీధి చివర మైకు అప్పుడే "హలో, హలో, చెక్" అంటోంది.

"లైట్లు ఆపేయనా అమ్మా, తెల్లారబోతోంది?" అన్నాను.

"వద్దు, వాడు లేచి చూసుకుంటాడు" అని చెప్పులేసుకుంటూ, "తొమ్మిదింటికల్లా వచ్చేస్తా. నేను రాకుండా కేకు కోయకండి, ఆ పాటలూ మొదలుపెట్టకండి" అంది.